గడువు దాటని పండితులు

ఏజెంట్ ఇరుసప్పన్‌కు ఆ ఉదయం కావలసింది ఒక్కటే, కాస్త కూర్చోవడం. పుదుచ్చేరి రహస్య పోలీసు శాఖలో చేరిన నాటి నుంచి అతను గోడలు దూకాడు, ఓడల అడుగున బస్తాల మధ్య దాక్కున్నాడు, ఒకసారి దొంగనోట్ల ముఠాను పట్టడానికి చీర కట్టి పూలు కూడా అమ్మాడు. ఇప్పుడు మెట్లెక్కితే మోకాళ్ళు తిట్టుకుంటున్నాయి. పై అధికారి కమిసేర్ దెల్మా దొర గదిలో మాత్రం ఒకటే కుర్చీ ఉంది, అందులో దొర కూర్చుని ఉన్నాడు.

"తలుపు వెయ్యి," అన్నాడు దెల్మా.

ఇరుసప్పన్ వేశాడు. తలుపు వెయ్యమంటే మిషన్, తియ్యమంటే చీవాట్లు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో మూడో సంగతి జరగలేదు.

"సైగాన్ నుంచి తంతి. అక్కడి ఆయుధాగారం ప్లాను జర్మన్ల చేతికి పోయింది. ఏ గోడ పలచన, ఏ ఫిరంగి ఎటు తిరుగుతుంది, అన్నీ వాళ్ళకు తెలిసిపోయాయి."

"లోపలోళ్ళ పనేనా దొరా?"

"లోపలివాళ్ళను జల్లెడ పట్టేశారు. బయటి నుంచి ఆ ఆవరణలోకి అడుగుపెట్టింది ఇద్దరే. ఇద్దరూ మన ఊరివాళ్ళు. చీనా విద్యా నిధి ఫెలోలు."

చీనా విద్యా నిధి సంగతి పుదుచ్చేరిలో అక్షరం ముక్క వచ్చిన ప్రతివాడికీ తెలుసు. బెల్జియం పట్టు వర్తకుణ్ణని చెప్పుకునే క్రూగర్ దొర పెట్టిన నిధి అది. ఏటా ఒక స్థానికుణ్ణి ఎంచి, చీనా భాషలోని పాత గ్రంథాలు చదువుకోమని సైగాన్‌కు పంపుతారు. ప్రయాణం, బస, భత్యం, అన్నీ నిధివే. అభ్యర్థికి చీనా లిపి నాలుగు ముక్కలు రావాలి, ఫ్రెంచి పౌరుడిగా నమోదైన కాగితాలు ఉండాలి. ఆ కాగితాలున్నవాడికి సైగాన్‌లో ఏ కచేరీ తలుపైనా తెరుచుకుంటుంది. పాత గ్రంథాలు దాచిన కొట్టు ఆయుధాగారం ఆవరణలోనే ఉంది కాబట్టి, ఆ తలుపు కూడా తెరుచుకుంది.

"కానీ వీళ్ళను అనుమానించడానికి మనసొప్పదు," అన్నాడు దెల్మా. "ఆణిముత్యాలు. మూడు నెలలకో రిపోర్ట్ పంపాలని నియమం. ఇద్దరూ ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. గవర్నరు కచేరీ నుంచి మెచ్చుకోలు కూడా వెళ్ళింది."

ఇరుసప్పన్ చెవి గోక్కున్నాడు. "టయానికా?"

"టైముకే."

"జొరమొచ్చిందని, పుస్తకం దొరకలేదని, ఇంకో రెండు నెలలు పొడిగించమని అడగలా?"

"ఒక్కసారి కూడా లేదు. ఎందుకు?"

"మా ఇంట్లో ఒక పండితుడు ఉండాడు దొరా, మా అల్లుడు. పెండ్లికి ముహూర్తం దాటినాక వచ్చినాడు. ఏందబ్బా అంటే దావలో ఏదో శాసనం కనబడిందంట. కాలేజీకి రాసియ్యాల్సిన వ్యాసం పోయిన తై నెలలో, పొంగలికే ఇయ్యాల్సింది, ఇంకా రాస్తానే ఉండాడు. మంచోడే, పనికిరానోడు కాదు. అయితే చదువు పిచ్చి పట్టినోడికి గడువంటే గిట్టదు. ఒక్కడంటే సరి, ఏదో పుణ్యాత్ముడు అనుకుందాం. ఇద్దరూ టయానికి పంపినారంటే నేను నమ్మను."

"అయితే?"

"ఆ ఇద్దరూ బతికి లేరు. వాళ్ళ కాగితాలు పెట్టుకోని వేరేవాళ్ళు తిరగతా ఉండారు. రాసేది కూడా వేరేవాళ్ళే."

గదిలో పంకా కిర్రుమని అటూ ఇటూ ఊగింది. దెల్మా మీసం దువ్వుకున్నాడు. గవర్నరు మెచ్చుకోలు పంపింది శవాలకన్న సంగతి అతనికి ఇప్పుడిప్పుడే బుర్రకెక్కుతోంది. మూడో ఫెలోను నిన్ననే ఎంపిక చేశారనీ, వచ్చే ఓడకే బయల్దేరుతున్నాడనీ చెప్పాడు.

"పేరు పట్టాభిరామన్. మనిషిది ముదలియార్‌పేట."

ఇరుసప్పన్ అనుమతి అడక్కుండానే కిటికీ గట్టు మీద కూలబడ్డాడు.

"ఇంతసేపూ నేను చెప్పిన అల్లుడు ఆయనే," అన్నాడు.

దెల్మా చెడ్డవాడు కాదు. మంచినీళ్ళ గ్లాసు తనే అందించాడు. కానీ ఉద్యోగం ఉద్యోగమే. నిధిని ఇప్పుడు మూసేస్తే కూలికి వచ్చినవాళ్ళు తప్ప ఎవరూ చిక్కరు. మనిషిని ఎక్కడ మారుస్తున్నారో, మారేవాడు ఎవరో తెలియాలి. అందాకా పట్టాభిరామన్ ప్రయాణం ఆగడానికి లేదు.

"ఎరగా కట్టినట్టా?"

"మన మనుషులు చూస్తూనే ఉంటారు."

మన మనుషులు ఎట్లా చూస్తారో ఇరుసప్పన్‌కు తెలుసు, అతనూ ఆ మనుషుల్లో ఒకడే కాబట్టి. నిధి కార్యదర్శి మదామ్ క్లారిస్‌ను కలవమన్నాడు దెల్మా. ఆమె మనకు అప్పుడప్పుడు కబుర్లు అమ్ముతుంది, అవతలివాళ్ళకూ అమ్ముతూ ఉండొచ్చు.

"కోడ్ పాతదే."

"కుక్క గురించా?"

"కుక్క గురించే. ఇదిగో, ఇది తీసుకో, పారిస్ నుంచి వచ్చింది." దెల్మా ఒక నల్ల గొడుగు బల్ల మీద పెట్టాడు. "పిడి తిప్పితే కాడలోంచి తూటా పేలుతుంది."

"పోయినసారి పంపిన టోపీ కెమెరాకి బూజు పట్టింది దొరా."

"దీనికి పట్టదు," అన్నాడు దెల్మా, అంత నమ్మకం లేని గొంతుతో.

*

ముదలియార్‌పేటలో ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. ఇరుసప్పన్ ఉప్పు కొఠారులో గుమాస్తా అని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఇన్నేళ్ళలో ఒంటి మీద గాయాలన్నీ బస్తాలు జారిపడి అయినవేనని భార్య లోగనాయకి కూడా నమ్మింది, లేదా నమ్మినట్టు ఉండిపోయింది.

"ఏందయ్యా, మొగం అట్లా పెట్టుకోనుండావు?" అంది ఆమె, పాయసం గిన్నె ముందు పెడుతూ. "అల్లుడు సముద్రం దాటి చదవబోతా ఉండాడు. ఊరంతా వచ్చి అడిగిపోతా ఉండారు."

పట్టాభిరామన్ నేల మీద పుస్తకాల మధ్య కూర్చుని ఉన్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, కళ్ళద్దాల ఒక కాడకు దారం కట్టి ఉంటుంది. సైగాన్ నుంచి వచ్చి ఈ పేటలో చెప్పులు కుట్టుకుంటూ బతికిన ఒక చీనా ముసలాయన దగ్గర చేరి, ఆయన పోయేదాకా సాయంత్రాలన్నీ ఆయన అరుగు మీదే గడిపి, ఆ లిపి నేర్చుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు అప్పుడు నవ్వారు. ఇప్పుడు ఆ లిపే అతన్ని ఓడెక్కిస్తోంది.

"పోకపోతే ఏంది?" అన్నాడు ఇరుసప్పన్ పాయసం ముట్టకుండా. "కాలేజీలో పని ఉండాది కదా. యాడికో పోయి ఎవరి పుస్తకాలో చదవడం ఎందుకు?"

"మన పుస్తకాలే మామా. చీనా నుంచి ఒకాయన నడిచి నడిచి మన కంచి దాకా వచ్చినాడు, ఎన్నో వందల యేండ్ల కింద. ఇక్కడ చూసిందంతా రాసిపెట్టుకున్నాడు. లంకకు పోవాలని వచ్చినోడు కంచి నుంచే వెనక్కి మళ్ళినాడు. ఎందుకు మళ్ళినాడు? అక్కడ కరువని ఎవరో చెప్పినారంట. అంతేనా, ఇంకేమన్నా ఉందా? ఫ్రెంచిలో చదివితే ఒకటి చెప్తా ఉంది, ఆయన రాతలో ఇంకొకటి ఉంటుందని నా అనుమానం."

"తెలిస్తే ఏమొస్తది?"

పట్టాభిరామన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చదువు కోసం అంత దూరం నడిచొచ్చినాడు మామా ఒక మనిషి. ఎందుకు మళ్ళినాడో అడిగేదానికి మన పక్కనుంచి ఒకడైనా పోవద్దా?"

ఇరుసప్పన్ పాయసం గిన్నె పక్కకు జరిపి లేచాడు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే కూతురు సెంగమలం చెంబుతో వెనకే వచ్చింది.

"మీరు ఏందో ఆపాలని చూస్తా ఉండారు నాయినా. ఒద్దు. ఆయన మొగంలో ఇంత వెలుగు నేను ఎప్పుడూ చూడలా. ఈసారి ఆగిపోతే ఆ మనిషి మళ్ళా లేవడు."

అతను చెంబు అందుకుని మొహాన నీళ్ళు కొట్టుకున్నాడు. ఎంతమంది చావును చూశాడో లెక్క లేదు గానీ, ఈ పిల్ల బొట్టు తీసేసిన నుదురు ఊహకు వచ్చేసరికి ఇంకోసారి నీళ్ళు కొట్టుకున్నాడు. ఆపితే అల్లుడు బతికుండీ చస్తాడు. ఆపకపోతే నిజంగానే చస్తాడు. ఈ రెండింటి మధ్య సందు వెతకాలి, ఓడ వచ్చేలోపల.

*

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చిన వేళ తెల్లవాళ్ళ వీధుల్లో ఒక గొడుగులు బాగుచేసేవాడు తిరిగాడు. భుజాన సంచి, సంచిలో విరిగిన గొడుగు కమ్మీలు, సూది, దారం, వంకర కత్తి. గొంతు మాత్రం బొంగురు. తెల్ల గోడల ఇంటి ముందు నిలబడి కేకేస్తే పైనుంచి ఒక ఆడమనిషి తొంగి చూసి లోపలికి రమ్మంది.

మదామ్ క్లారిస్‌ను చూడటానికి సాయంత్రాలు సముద్రపు ఒడ్డున కుర్రాళ్ళు పనులు మానుకుని నిలబడతారు. ఆమె మెడలో ముత్యాలు నిజమైనవి, పేరు కాదు. దగ్గరగా చూస్తే కళ్ళ కింద నిద్రలేని నలుపు ఉంది.

"మీ కుక్కకు జలుబు తగ్గిందా మదామ్?" అన్నాడు ఇరుసప్పన్.

"కుక్క పారిపోయింది. జలుబు ఇక్కడే ఉంది," అంది ఆమె. కోడ్ సరిపోయింది. "కూర్చో. నీ మోకాళ్ళ చప్పుడు వీధిలోకి వినబడింది."

ఇరుసప్పన్ జన్మలో ఎవరికీ అంత కృతజ్ఞుడు కాలేదు. కూర్చుని, చుట్టూ తిప్పకుండా అడిగేశాడు. "రిపోర్టులు రాసేది ఎవరు మదామ్?"

ఆమె బల్ల మీది విసనకర్ర తీసి మళ్ళీ అక్కడే పెట్టింది.

"నేనే. మా నాన్న చీనా విద్యలు బోధించేవాడు. ఇల్లంతా ఆ పుస్తకాలే. ఆయన చచ్చిపోయేనాటికి కూడా ప్రచురణకర్తకు ఇస్తానన్న మొదటి పుస్తకం ఇవ్వలేదు." చిన్నగా నవ్వింది. "ఆ ఇద్దరి పేర్ల మీదా రెండేళ్ళుగా రాస్తున్నాను. బాగా రాస్తాను. ఒక్కోసారి రాస్తూ రాస్తూ వాళ్ళు అక్కడెక్కడో కూర్చుని చదువుకుంటున్నారనే అనుకుంటాను. తర్వాత గుర్తొస్తుంది."

"అంత తెలిసినదానివి, టయానికి ఎందుకు పంపినావు? ఆలస్యం చేసుంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు గదా."

"అందుకే పంపాను," అంది మదామ్. "క్రూగర్‌కు గడువంటే ప్రాణం. ఒక్కరోజు ముందే పంపినా మెచ్చుకునేవాడు. ఎవరో ఒకరు చూసి, పండితుడు ఇట్లా ఉండడే అనుకుంటారని నేను కాచుకు కూర్చున్నాను. గవర్నరు మెచ్చుకోలు పంపాడు. మీకు రెండేళ్ళు పట్టింది మొస్యూ."

ఇరుసప్పన్‌కు సిగ్గేసింది. ఆ సిగ్గు తనదా, సర్కారుదా అన్నది తేల్చుకునే ఓపిక లేకపోయింది.

ఆమె మిగతాది చెప్పింది. పుదుచ్చేరికి ఓడ ఒడ్డు దాకా రాదు, లోతు నీళ్ళలో లంగరేసి ఆగుతుంది. ఇనుప రేవు చివరి మెట్ల నుంచి శలంగు మీద, అంటే కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పెద్ద పడవ మీద, మనుషుల్ని ఓడకు చేరుస్తారు. ఫెలోకు నిధివాళ్ళే సొంతంగా శలంగు కుదురుస్తారు. అందులో తెరచాప గుడ్డ కింద జయరామన్ అనేవాడు పడుకుని ఉంటాడు. పెనాంగ్‌లో పెరిగినవాడు, ఫెలో వేసుకున్న కోటూ టోపీ లాంటివే వేసుకుని ఉంటాడు. సగం దూరంలో ఫెలో కాళ్ళకు రాయి కట్టి వదిలేస్తారు, ఓడెక్కేది జయరామన్.

"పడవవాళ్ళు ఫెలో మొహం ఎరుగుదురా?"

"ఎరగరు. నేను రేవులో ఎవరి మెడలో దండ వేస్తే అతనే ఫెలో. క్రూగర్ ఫోటో మాత్రం చూశాడు. వీడ్కోలుకు నా పక్కనే ఉంటాడు."

ఇరుసప్పన్ సంచి సర్దుకున్నాడు. ఎంత చెప్పినా, ఈమె అవతలివాళ్ళకూ కబుర్లు అమ్మే మనిషి.

"ఆ రోజు దండ వేరేవాడి మెడలో పడాల మదామ్. వేస్తావా?"

"నాకు తెలియదు," అంది ఆమె నిజాయితీగా. "వేసిన చేతులు చాలా అలిసిపోయాయి. ఆ రోజు పొద్దున ఎటు తిరుగుతాయో."

*

సందు దొరికింది గానీ ఇరుకైన సందు. అల్లుడి బదులు మామ వెళ్ళాలి. దెల్మా విని, చాలాసేపు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"వాడికి ఇరవై ఎనిమిది. నీకు?"

"టోపీ పెట్టుకుంటా దొరా."

పోలీసులు జాలర్ల వేషంలో రెండు తెప్పల మీద కాచుకోవాలని, శలంగు సగం దూరం చేరగానే చుట్టుముట్టాలని అనుకున్నారు. మిగిలింది ఒక్కటే చిక్కు. పట్టాభిరామన్‌ను ఆ పొద్దున ఇంట్లో ఆపాలి. మత్తుమందు ఇవ్వొచ్చన్నాడు దెల్మా. అల్లుడికి మందు పెట్టిన మామ అనిపించుకోవడం ఇరుసప్పన్‌కు ఇష్టం లేదు. పైగా అతనికి అంతకంటే గట్టి మందు తెలుసు.

ఓడ వచ్చిన రోజు తెల్లవారాక అతను చెరువు వైపు వెళ్ళొచ్చినవాడిలా అమాయకంగా లోపలికొచ్చాడు. చేతిలో పాత సామాన్ల అంగడిలో కొన్న పింగాణీ మూత ఉంది, జాడీ మీద పెట్టేది. మూత లోపలివైపు నీలిరంగుతో చీనా అక్షరాలు, సగం చెరిగిపోయి ఉన్నాయి. పెట్టె సర్దుకుని, కోటు దండెం మీద పెట్టుకుని, సెంగమలం పోసిన కాఫీ తాగుతున్నాడు పట్టాభిరామన్.

"ఏందో రాసుండాది చూడబ్బా," అన్నాడు ఇరుసప్పన్ ఆవులిస్తూ. "తొందరేం లేదులే. నువ్వు తిరిగొచ్చినాక చెప్పు."

"ఇయ్యండి మామా, రెండు నిమిషాలు."

ఆ మాట చాలు. పట్టాభిరామన్ మూతను వెలుతురుకు పట్టాడు. కళ్ళద్దాలు పైకి తోశాడు, కిందికి దించాడు. సర్దిన పెట్టె తెరిచి నిఘంటువు లాగాడు. కాసేపటికి నేల మీద బోర్లా పడుకున్నాడు. దండెం మీద కోటు, టోపీ, పెట్టెలోంచి ప్రయాణపు కాగితాలు మాయమైనా తల తిప్పలేదు.

*

రేవులో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మీసం గీసేసుకుని, జుట్టుకు నల్లరంగు పూసుకుని, అల్లుడి కోటులో ఊపిరి బిగబట్టి గుండీలు పెట్టుకుని ఇరుసప్పన్ ఇనుప మెట్ల దాకా వచ్చాడు. చంకలో పారిస్ గొడుగు. జేబులో గొడుగుల పనికి వాడిన వంకర కత్తి, ఎందుకైనా మంచిదని వేసుకొచ్చినది. దూరంగా ఓడ పొగ వదులుతోంది. మెట్ల చివర శలంగు ఊగుతోంది, నలుగురు తెడ్లవాళ్ళు, అడుగున మడతపెట్టిన తెరచాప గుడ్డ. ఆ గుడ్డ మనిషంత పొడుగుంది.

మదామ్ క్లారిస్ చేతిలో మల్లెదండ పట్టుకుని నిలబడి ఉంది. పక్కనే క్రూగర్, బొద్దు మనిషి, చేతిలో గడియారం. అతను గడియారం చూశాడు, ఇరుసప్పన్‌ను చూశాడు, మళ్ళీ చూశాడు.

"ఫోటోలో చిన్నవాడిలా ఉన్నాడే."

మదామ్ చేతులు దండతో సహా గాలిలోనే ఆగాయి. అతన్ని పట్టివ్వడానికి ఒక్క మాట చాలు ఆమెకు. కెరటాలు రేవు స్తంభాలను కొడుతున్నాయి. ఇరుసప్పన్‌కు భయం వేసింది, దాచుకోవాలన్న ఓపిక కూడా లేనంత భయం. ఆమె అతని కళ్ళల్లోకి చూసింది.

"చీనా లిపి నేర్చుకుంటే ఎవరైనా ముసలివాళ్ళవుతారు క్రూగర్," అని దండ ఇరుసప్పన్ మెడలో వేసింది. "ప్రయాణం సుఖంగా జరగాలి, మొస్యూ పట్టాభిరామన్."

మోకాళ్ళు పట్టుకుని ఇరుసప్పన్ పడవలోకి దిగాడు.

రేవు వెనకబడింది. తెడ్లు లయగా పడుతున్నాయి. తెప్పల కోసం ఇరుసప్పన్ చుట్టూ చూశాడు. ఉన్నాయి, కానీ చాలా దూరంలో. ఒకదాని మీద ఎవరో వల విప్పుకోవడానికి తంటాలు పడుతున్నారు. వాళ్ళూ సర్కారు మనుషులే, ఆలస్యంగానే వస్తారు.

గుడ్డ కదిలింది. అదే కోటు, అదే టోపీ ఉన్నవాడు లేచి కూర్చున్నాడు. చేతిలో తాడు, తాడు చివర రాయి. ఎదుటి మొహం చూసి నొసలు ముడిచాడు.

"ఎవుర్రా నువ్వు ముసలోడా?"

"పండితుణ్ణి నాయినా," అని ఇరుసప్పన్ గొడుగెత్తి పిడి తిప్పాడు.

గొడుగు టక్కుమంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి అది కూడా అనలేదు. ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టినట్టుంది. ఇద్దరు తెడ్లవాళ్ళు వెనకనుంచి భుజాలు అదిమి పట్టారు. జయరామన్ నింపాదిగా అతని కాళ్ళకు తాడు చుడుతూ, ఒడ్డు వైపు చూస్తూ ఉండమని ఒకణ్ణి పురమాయించాడు. చాలాసార్లు చేసిన పని కాబట్టి అతని చేతులకు తొందర లేదు.

ఇరుసప్పన్‌కు ఎదురుతిరిగే బలం లేదు. ఒక క్షణం, ఇక్కడితో అయిపోతే నిద్రైనా పడుతుంది కదా అనిపించింది కూడా. అప్పుడు కూతురి నుదురు గుర్తొచ్చింది. తను పోతే వీళ్ళు తర్వాతి ఓడకు ఇంకో శలంగు కుదురుస్తారు. ముందుకు ఒరిగి, ముడుచుకుని, దణ్ణం పెడుతున్నవాడిలా పడవ అడుక్కు వంగాడు. వాళ్ళు బతిమాలుతున్నాడనుకున్నారు. అతని కుడిచెయ్యి జేబులోకి పోయి వంకర కత్తి తీసింది.

శలంగులో ఒక్క మేకు ఉండదు. పలకను పలకకు కొబ్బరి తాడుతో కుడతారు, కెరటం కొడితే విరక్కుండా వంగాలని. రేవులో పుట్టిపెరిగిన ప్రతివాడికీ అది తెలుసు. పెనాంగ్‌లో పెరిగిన జయరామన్‌కు అది వట్టి పడవ. గొడుగు కుట్టు విప్పినట్టే ఇరుసప్పన్ కుట్టు విప్పుకుంటూ పోయాడు, ఒకటి, పక్కది, దాని పక్కది. కాళ్ళ ముడి బిగిసే సమయానికి పెద్ద కెరటం పడవను పైకెత్తింది. పలకలు నోరు తెరిచాయి.

నీళ్ళు ఒక్కసారిగా లోపలికొచ్చాయి. తెడ్లవాళ్ళు నలుగురూ ఒడ్డువాళ్ళే, దూకేసి ఈదడం మొదలుపెట్టారు. ఇరుసప్పన్ కాళ్ళ తాడు కోసుకుని, తేలుతున్న పలక పట్టుకున్నాడు. జయరామన్‌కు ఈత రాదు. ఇంతవరకూ ఇతరులను నీళ్ళలోకి పంపినవాడు ఇప్పుడు తనే మునుగుతూ, దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకున్నాడు. దొరికింది ఇరుసప్పన్ మెడలోని మల్లెదండ. అది తెగింది. తర్వాత కోటు దొరికింది.

"వదలొద్దన్నా," అన్నాడు నీళ్ళు కక్కుతూ.

"వదలనురా," అన్నాడు ఇరుసప్పన్ విసుగ్గా, వాడి కాలరు పిడికిట బిగించి. "నిన్ను వదిలితే నాకు ఇంకో మిషన్ ఇస్తారు."

తెప్పలు అప్పుడు వచ్చాయి.

*

ఒడ్డున క్రూగర్ చేతులకు బేడీలు పడ్డాయి. గడియారం ఇంకా చేతిలోనే ఉంది. మదామ్ క్లారిస్‌ను ఎవరూ ఏమీ అడగలేదు, అడగవద్దని దెల్మా ముందే చెప్పాడు. ఆమె ఊరు వదిలి, వేరే పడవలో ఓడకు బయల్దేరుతూ ఇరుసప్పన్ ముందు ఆగింది.

"గొడుగు పనిచేసిందా?"

"ఎండకు పనిచేస్తది మదామ్."

రేవు ఖాళీ అయ్యాక, ఓడ కూత వేసి కదిలాక, ఎండలో పరుగెత్తుకుంటూ పట్టాభిరామన్ వచ్చాడు. వెనక పెట్టె మోసుకుంటూ సెంగమలం. ఓడ పొగ చూసి అతను ఆగిపోయాడు. మొహం పాలిపోయింది.

"పోయిందా మామా?"

"పోయిందబ్బా."

"మీరేంది ఇట్లా తడిసిపోయుండారు? మీసమేది? ఆ కోటు నాదా?"

"నీ కోటు ఇచ్చి పోదామని వచ్చినా. కాలు జారింది." మీసం గురించి ఏమీ చెప్పలేదు. సెంగమలం తండ్రిని, తండ్రి కాళ్ళ మీది తాడు గాట్లను చూసింది. ఉప్పు బస్తాలు కాళ్ళకు గాట్లు పెట్టవని ఆమెకు తెలుసు. పైటకొంగుతో తండ్రి తల తుడవసాగింది.

పట్టాభిరామన్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి జేబులోంచి పింగాణీ మూత తీశాడు.

"నా జీవితం పోయింది గానీ మామా, ఇది మటుకు చదివేసినా. శ్లోకమో సూత్రమో అనుకుంటిని. ఉప్పులో ఊరేసిన ముల్లంగి అని ఉండాది. పక్క అంగడిలో కొనొద్దు, వాళ్ళది పుల్లగా ఉంటుంది అని కూడా రాసినారు."

ఇరుసప్పన్ నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ఏడుపైపోయింది. అల్లుణ్ణి తడి కోటుతోనే గట్టిగా పట్టుకున్నాడు. పోయిన ఓడ కోసం మామ ఇంత బాధపడతాడని పట్టాభిరామన్ అనుకోలేదు, అతనే మామను ఓదార్చాడు.

*

నిధిని సర్కారు తన చేతికి తీసుకుంది. ఇన్నేళ్ళకు ఇరుసప్పన్ దెల్మాను ఒకే ఒక్క కోరిక కోరాడు. తర్వాతి ఓడకు పట్టాభిరామన్, వెంట సెంగమలం, సర్కారు పడవలో, సర్కారు కాగితాలతో వెళ్ళారు. లోగనాయకి రెండు జాడీల ఊరగాయ ఇచ్చి పంపింది.

మొదటి రిపోర్ట్ గడువు దగ్గరపడేకొద్దీ ఇరుసప్పన్‌కు తిండి సయించలేదు. సైగాన్ తపాలా వచ్చే రోజు పొద్దున్నే కమిసేర్ గది బయట చేరాడు. తపాలా సంచి విప్పుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాడు. అందులో రిపోర్ట్ లేదు. ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు. తర్వాతి తపాలాలోనూ లేదు. ఇంకొకటి వచ్చింది, అందులోనూ లేదు.

చివరికి ఒకరోజు దెల్మా పిలిపించాడు. తలుపు తియ్యమన్నాడు, అంటే చీవాట్లు. బల్ల మీద పట్టాభిరామన్ ఉత్తరం పరిచి ఉంది.

"గడువు దాటి ఎన్నాళ్ళయిందో చూడు. ఇప్పుడు రాశాడు, ఇంకో ఆరు నెలలు పొడిగించమని. కంచి నుంచి ఆ యాత్రికుడు ఎందుకు తిరిగిపోయాడో తేల్చబోతే, ముందు అసలు కంచికి ఏ దారిన వచ్చాడో తేల్చాల్సి వచ్చిందట. కారణాలే పదకొండు పేజీలు రాశాడు. నీ అల్లుడు కదా అని అడుగుతున్నాను, ఈ ఫెలోషిప్ రద్దు చెయ్యనా?"

ఇరుసప్పన్ కళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ళకు మొదటిసారి ఆ గదిలో తృప్తిగా కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

"ఒద్దు దొరా," అన్నాడు. "టయానికి పంపిన రోజు రద్దు చేద్దురు గానీ."